కొరమేను ఊపిరి

కొరమేను దగ్గుతోందని మొదట కనిపెట్టింది నసీమా.

“చేపలు దగ్గవమ్మా,” అన్నాడు భానోజీరావు తల తిప్పకుండానే. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నసీమా మాత్రం నవ్వలేదు. చెవులకు పెట్టుకున్న ఇయర్‌ఫోన్లు తీసి ఆయన చేతిలో పెట్టి, “మీరే వినండి సార్,” అంది.

కొరమేను అంటే అక్కడ చేప కాదు, ఊపిరితిత్తి. కాకినాడ పోర్టు రోడ్డులోని ఆ పరిశోధనశాలలో బొటనవేలి గోరంత ఊపిరితిత్తులను గాజుపెట్టెల్లో పెంచేవారు. ముక్కులో దూదిపుల్ల తిప్పి తీసిన కాసిని కణాలను భానోజీరావు కనిపెట్టిన ద్రవంలో వేస్తే, అవి ఒకదాన్నొకటి వెతుక్కుని, అతుక్కుని, ఎవరి ముక్కులోంచి వచ్చాయో వాళ్ల ఊపిరితిత్తిలో చిన్న ముక్కలా తయారయ్యేవి. పెట్టె కిందున్న తిత్తి గాలి కొడుతుంటే పొంగేవి, అణిగేవి. వింత అక్కడితో ఆగలేదు. ఆ ద్రవంలో వాటికి కాలం పరుగెత్తేది. మనకు మూడు నాలుగు రోజులు గడిచేసరికి వాటికి ఏడాది నిండిపోయేది. పైగా ఆ కణాలు గతం మరిచేవి కావు. అంతకుముందు ఎలాంటి గాలి పీల్చాయో ఆ గుర్తు వెంట తెచ్చుకునేవి.

ఒక మనిషి ఊపిరి ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఇవాళే వినిపించే పెట్టె అది. పత్రికవాళ్లు దాన్ని జోస్యం పెట్టె అని రాస్తే భానోజీరావు పైకి విసుక్కున్నాడు గానీ, ఆ ముక్క కత్తిరించి పర్సులో దాచుకున్నాడు.

ఇప్పుడు చేస్తున్న పని వేప్ పెన్నుల మీద, అంటే పొగకు బదులు ఆవిరి లాగే ఎలక్ట్రానిక్ సిగరెట్ల మీద. కాలేజీ పిల్లలు జేబుల్లో పెట్టుకుని పళ్ల వాసనలు గుప్పుమనిపిస్తూ తిరుగుతారే, అవి. వాటిని దేశంలో ఏనాడో నిషేధించారు. నిషేధించిన వస్తువు సంపాదించడం కుర్రకారుకు టీ తాగి వచ్చినంత తేలిక. అలవాటున్న పిల్లల కణాలను కొన్ని పెట్టెల్లో పెంచి, వాటికి ఆ ఆవిరే పట్టిస్తున్నారు. పోల్చి చూసుకోవడానికి మచ్చలేని ఊపిరితిత్తులు కూడా కావాలి. వాటికి ఉత్త గాలి.

మచ్చలేని పిల్లల కోసం ఊరంతా గాలించడం ఎందుకు, మన పిల్లలు లేరా అన్నాడు భానోజీరావు. ఒక ఆదివారం అందరినీ పిల్లలతో సహా బిర్యానీకి పిలిచాడు. తినేముందు పిల్లలను వరసగా కూర్చోబెట్టి ముక్కుల్లో దూదిపుల్లలు తిప్పారు. ఎవరి పెట్టెకు వాళ్లనే ఒక చేప పేరు పెట్టమన్నారు. ఊపిరితిత్తులకు చేపల పేర్లు పెట్టడం అక్కడివాళ్ల పరాచికం. పులస, చందువ, వంజరం అయిపోయాక భానోజీరావు కూతురు మోక్షిత కొరమేను అంది. నీళ్లమీదికి వచ్చి మనలా గాలి మింగే చేప కదా అని వివరం కూడా చెప్పింది. తండ్రి మురిసిపోయి నలుగురి వంకా చూశాడు.

అలవాటున్న పిల్లలను మాత్రం సవాలక్ష ప్రశ్నలు అడిగారు. ఎప్పుడు మొదలుపెట్టావు, ఎవరిచ్చారు, రోజుకెన్నిసార్లు లాగుతావు. సొంత పిల్లలను ఎవరూ ఏమీ అడగలేదు. అడగడమే అవమానం అన్నట్టు నేరుగా బిర్యానీ వడ్డించేశారు.

భానోజీరావు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కొరమేను పొంగుతోంది. పొంగేటప్పుడు చివర్లో, నిప్పుల మీద ఉప్పు చల్లినట్టు సన్నగా చిటపటమంది. మళ్లీ విన్నాడు. మళ్లీ అదే.

“పక్క పెట్టెలోంచి ఆవిరి కారుతోంది,” అన్నాడు.

“పైపులన్నీ చూశానండి. ఎక్కడా కారట్లేదు.”

“అయితే ఇంకోసారి చూడు.”

“తప్పు పెట్టెది కాదేమోనండి...” అని నసీమా ఆగిపోయింది. పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. తెలివైంది. అంతకంటే ముఖ్యంగా, ఆ పెట్టె ఎవరిదో ఎరిగినది.

“పెట్టెది కాకపోతే నీ చేతులది. గ్లవుజులు మార్చుకోకుండా దీన్నీ దాన్నీ ముట్టుకుంటే దగ్గక ఏం చేస్తుంది?” అని అందరి ముందూ గట్టిగా అనేశాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ, ఆ మాట వెనక్కి తీసుకోలేదు. కొరమేనును పారబోయించి, కొత్త పెట్టె తెప్పించి, దాన్ని వేరే గదిలో విడిగా పెట్టించాడు.

* * *

“మళ్లీనా?” అంది మోక్షిత, పెసరట్టు ముక్క నోటిదగ్గరే ఆపి.

“పాతది పాడైపోయిందమ్మలూ. ఒక్క నిమిషం తల పైకెత్తు.”

“నాకు జలుబు చేసింది నాన్నా. వచ్చేవారం తీసుకోకూడదా?”

“జలుబుకీ దీనికీ సంబంధం లేదు. ఎత్తు తల.”

ఆ పిల్ల తల ఎత్తి కళ్లు గట్టిగా మూసుకుంది. దూదిపుల్ల బయటికి తీసేసరికి కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. ఎవరికైనా కారతాయి అనుకున్నాడు భానోజీరావు. అంత దగ్గరగా వంగినప్పుడు ఆయనకు బాగా ముగ్గిన పనసపండు వాసన వచ్చింది.

“కార్తీకమాసంలో పనసపండు ఎక్కడిదే?”

“బాడీ స్ప్రే నాన్నా.”

“మల్లెలూ గులాబీలూ కరువైపోయాయి పాపం,” అంది వంటింట్లోంచి హరిప్రియ. ఆవిడ బళ్లో లెక్కల టీచరు. తొమ్మిదింటి బస్సు అందుకోవాలన్న కంగారులోనూ కూతుర్ని ఆట పట్టించడం మానదు. “ఎక్కడైనా కూర్చునేముందు చూసుకోవే, చీమలు పడతాయి.”

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత చాలాకాలం భానోజీరావుకు గుర్తుండిపోయింది, అందులో కూతురిది ఒక క్షణం ఆలస్యంగా వచ్చిందని.

మోక్షిత ఇంటర్ రెండో ఏడు. కబడ్డీలో జిల్లా జట్టుకు రైడర్. పండక్కి ముందే రాష్ట్రం జట్టు సెలక్షన్లున్నాయి. చిన్నప్పుడు హాల్లోంచి కూత అందుకుంటే పెరడంతా చుట్టి వచ్చి తల్లి ఒళ్లో పడేదాకా ఆపేది కాదు. “దీనికి ఊపిరితిత్తులు మూడున్నాయి,” అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు తండ్రి. కూతురి గురించి ఆయన గొప్పలు పోయేది ఆ ఒక్క విషయంలోనే, కానీ పోయినప్పుడు మాత్రం హద్దూ అదుపూ ఉండేది కాదు.

ఆ శనివారం కాలేజీ గ్రౌండులో మ్యాచికి వెళ్లాడు. మోక్షిత గీత దాటి, “కబడ్డీ కబడ్డీ కబడ్డీ” అంటూ అవతలి కోర్టులోకి దూకింది. ఒకమ్మాయి భుజం తాకింది. ఇంకో అమ్మాయి మోకాలు తాకింది. తిరిగి గీత వైపు మళ్లేసరికి కూత సన్నబడింది. “కబ...” దగ్గర గొంతు పట్టేసింది. ఎవరూ ఆమెను పట్టుకోలేదు. పట్టుకునే అవసరం రాలేదు. కూత తెగిందని రెఫరీ విజిల్ వేశాడు. మోక్షిత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి దగ్గుతూ ఉండిపోయింది.

కోచ్ నూకరాజు మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఏవనుకోకండి సార్. అమ్మాయికి ఈ మధ్య దమ్ము నిలబడట్లేదండి. ఇదివరకు ఒక్క కూతలో ముగ్గుర్నీ కొట్టుకొచ్చేసేది. రక్తం తక్కువైందేమో, ఓసారి డాక్టరుకి చూపించండి.”

“జలుబు చేసిందండి,” అన్నాడు భానోజీరావు. ఆ మాట ఎవరిదో నోటికి వచ్చాక తెలిసింది.

* * *

కొత్త కొరమేను కళ్లు తెరిచింది. తిత్తి గాలికి మొదటిసారి పొంగడాన్ని అక్కడ అలా అనేవారు. చుట్టుపక్కల ఇంకో పెట్టె లేదు. పైపు లేదు. భానోజీరావు తనే గ్లవుజులు మార్చుకుని, తనే ద్రవం పోసి, తనే గాలి పెట్టాడు. తప్పు పట్టడానికి ఇంక ఎవరూ మిగల్లేదు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. పొంగింది. చివర్లో చిటపటమంది.

లేచి, అవతలి గదిలో పళ్ల ఆవిరి సీసాలున్న బల్ల దగ్గరికి వెళ్లాడు. మామిడి, పుచ్చకాయ, పుదీనా. ఒక్కో మూతా తీసి వాసన చూస్తూ వెళ్లాడు. ఐదో ఆరో సీసా దగ్గర, దూదిపుల్ల పట్టుకుని కూతురి మొహం మీదికి వంగినట్టు అయింది. పనస.

మూత బిగించి తలెత్తాడు. నసీమా గుమ్మంలో నిలబడి ఉంది.

“నీకు ముందే తెలుసు కదమ్మా.”

“అనుమానం అండి. మీ అమ్మాయి అయ్యేసరికి నోరు రాలేదు.”

“ఆ రోజు నేనన్న మాట...”

“పోనివ్వండి సార్. ఇంటికెళ్లండి,” అంది నసీమా.

ఇంటికి వెళ్లి, ఏ ఉపోద్ఘాతం లేకుండా కూతురి ముందు చెయ్యి చాపాడు. మోక్షిత ఆ చేతి వంక చూసింది, తండ్రి మొహం వంక చూసింది. లేచి వెళ్లి కంపాస్ బాక్సులోంచి ఒక పెన్ను తెచ్చి ఆ అరచేతిలో పెట్టింది. పుస్తకాల్లో గీతలు గీసుకునే పచ్చరంగు పెన్నులాగే ఉంది. ఆయన దాన్ని ఎన్నిసార్లు చూశాడో. ఒకసారి పక్కకు జరిపి కాఫీ కప్పు కూడా పెట్టుకున్నాడు.

“ఎన్నాళ్లనుంచి?”

“ఫస్టియర్ నుంచి. మ్యాచికి ముందు చేతులు వణికేవి నాన్నా. మా జట్టులో లిఖిత ఇచ్చింది. లాగితే వణుకు తగ్గేది.”

“తగ్గేది?”

“ఇప్పుడు లాగకపోతే వణుకుతున్నాయి.” ఆ మాట చాలా మామూలుగా అంది. తర్వాత తలెత్తి, పోట్లాడటానికి సిద్ధమైంది. “అయినా అది పొగ కాదు. సిగరెట్ కాదు. ఆవిరి. జలుబు చేస్తే పసుపేసి ఆవిరి పట్టమని నువ్వే కదా అంటావు? అందులో పళ్ల వాసనేగా ఉన్నది!”

భానోజీరావు దీనిమీదే పేజీలకు పేజీలు రాసినవాడు. అందులో ఉండే నికోటిన్ ఎదిగే మెదడును ఎలా పట్టుకుని వదలదో, కాగిన ద్రవంలోని నలుసులు గాలిగదుల్లోకి ఎలా దిగుతాయో, వేడెక్కే తీగ నుంచి లోహపు నుసి కూడా వాటితో ఎలా వస్తుందో, ఎన్ని సభల్లో చెప్పాడో లెక్కలేదు. కన్నకూతురు ముందు కూర్చుంటే ఒక్క ముక్క గుర్తు రాలేదు. పక్క గదిలోంచి హరిప్రియ వచ్చింది. విషయం అర్థమయ్యాక అరవలేదు, కొట్టలేదు. కూతురి చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది.

“నా మీద ఒట్టెయ్యి.”

మోక్షిత ఒట్టేసింది. వేస్తూ ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైందే. పెన్నును హరిప్రియ పచ్చడిబండతో చితక్కొట్టి చెత్తలో వేసింది. మరుసటి వారం ఇంట్లో పనస వాసన లేదు. ఆ పైవారం పుదీనా వాసన వచ్చింది. మోక్షిత మాత్రం చ్యూయింగ్ గమ్ అంది.

* * *

కొరమేనును రెండుగా విడదీయాలన్న ఆలోచన భానోజీరావుకు ఆ పుదీనా వాసన వచ్చిన రోజే వచ్చింది. ఒక సగానికి ఉత్త గాలి. ఇంకో సగానికి, అది ఇన్నాళ్లూ పీల్చిన పనస ఆవిరే. మానేస్తే ఏమవుతుందో ఒకటి చెబుతుంది, మానకపోతే ఏమవుతుందో రెండోది చెబుతుంది. ఆ రెండూ తీసుకెళ్లి కూతురికి వినిపించాలి. ఒకటి ధైర్యం చెప్పడానికి, రెండోది భయపెట్టడానికి. ఏ తండ్రి చేతిలోనూ ఇంత బలమైన ఆయుధం ఇంతవరకూ లేదు.

“ఇది మీ అమ్మాయిదండి,” అంది నసీమా.

“అమ్మాయి కాదు. కణాలు.”

“అయితే మీ చేత్తో మీరే పెట్టండి సీసా. నేను పెట్టను.”

ఆయనే పెట్టాడు. సీసా గాడిలో పడి టక్కుమంది. తిత్తి మొదటి ఆవిరి లాగింది. గాజు లోపల తెల్లగా మబ్బు కమ్మి, ఆ గోరంత ముక్క కనబడకుండా పోయి, మళ్లీ కనబడింది. ఆయన చెయ్యి తుడుచుకున్నాడు. అంటుకున్నది ఏమీ లేదు, అయినా తుడుచుకున్నాడు.

అప్పటినుంచి ఆయన రెండు కాలాల్లో బతకడం మొదలుపెట్టాడు. ఇంట్లో మోక్షితకు పదిహేడేళ్లు. ఉప్మాలో జీడిపప్పులు ఏరుకుని తింటుంది, ఫోన్లో ఎవరితోనో కిచకిచలాడుతుంది. పెట్టెలో మోక్షితకు ఇరవై రెండు. మళ్లీ వారానికి ఇరవై నాలుగు. క్రిస్మస్ స్టార్లు ఊళ్లో వెలిగేసరికి పెట్టెలో మోక్షిత ముప్పైకి వచ్చింది. మొదటి దానిలో చిటపట తగ్గింది. పూర్తిగా పోలేదు. ఎంత శుభ్రమైన గాలి పెట్టినా అడుగున కాస్త మిగిలే ఉంది. రెండోదానిలో చిటపట పోయి ఈల మొదలైంది. తలుపు సందులోంచి సముద్రపు గాలి దూరినట్టు సన్నని ఈల. ఆపైన ఈల కూడా తడిసిపోయింది.

ఆయనకు అన్నం సహించడం మానేసింది. ఎదురుగా కూతురు కూర్చుని నవ్వుతుంటే, దండ వేసిన ఫోటోను చూసినట్టు చూసేవాడు. ఆ పిల్ల మెట్లెక్కితే లెక్కలు కట్టేవాడు. టీవీ చూస్తూ ఆ పిల్ల నిట్టూరిస్తే ఉలిక్కిపడేవాడు. “ఏంటి నాన్నా అలా చూస్తావు, నాకు భయమేస్తోంది,” అందోసారి. ఆదివారాలు కూడా ల్యాబుకు పోయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాడు. వినకుండా ఉండలేకపోయేవాడు. వింటే తట్టుకోలేకపోయేవాడు. సీసా అయిపోతే మాత్రం మరిచిపోకుండా కొత్తది పెట్టేవాడు.

సెలక్షన్లు దగ్గర పడ్డాయి. ఒకరోజు సాయంత్రం మోక్షిత బ్యాగు జిప్పు ఊడిందని హరిప్రియ బాగుచెయ్యబోతే, కొత్త పెన్ను జారి నేలమీద పడింది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. చీపురుతో పక్కకు నెట్టి, మంచం మీద కూర్చుని, “నా మీదే ఒట్టేసిందండీ,” అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ నిబ్బరం చూసి భానోజీరావుకు పైప్రాణాలు పైనే పోయాయి.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కూతుర్ని బండెక్కించుకుని ల్యాబుకు తీసుకెళ్లాడు.

* * *

గదిలో రెండు పెట్టెలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి తెల్లగా, రెండోది పసుపు మరక పట్టి. మోక్షిత రెండింటినీ వంగి చూసింది.

“ఇవేనా నావి?”

“రెండూ నీవే. ఇవాళ ముప్పై ఎనిమిదేళ్లు వీటికి. ముందు ఇది విను. ఇది మానేసిన కొరమేను.”

విన్నది. “ఏదో గరగరమంటోంది.”

“అది పోదు తల్లీ. కానీ పెరగలేదు. దీంతో పరిగెత్తొచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, ముసలిదానివి కావచ్చు. ఇప్పుడు ఇది విను.”

రెండోదానికి ఇయర్‌ఫోన్లు మార్చాడు. మోక్షిత మొహంలో రంగు పోవడం చూశాడు. దీనికోసమే గదా ఇన్నాళ్లూ ఎదురుచూసింది. అయినా చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

చాలాసేపు వింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. ఇయర్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, పెట్టెలో కమ్ముకుంటూ తేలిపోతూ ఉన్న మబ్బును చూస్తూ అడిగింది.

“దీనికి ఆవిరి ఎవరు పడుతున్నారు?”

“మిషనే లాక్కుంటుంది. టైము ప్రకారం.”

“సీసా ఎవరు పెట్టారు?”

ఆయన ఇయర్‌ఫోన్ల తీగ చుట్టసాగాడు.

“నసీమక్కా?”

“కాదు. ఆమె పెట్టనంది.”

“నువ్వే.”

“నీకోసమేనమ్మా. నువ్వు తెలుసుకోవాలని...”

“నేను చేస్తుంటే తిట్టావు. దీనికి నువ్వే పట్టావు,” అంది మోక్షిత. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. “నా ముక్కులోంచి తీసిందే కదా నాన్నా ఇది. ఆపెయ్యి.”

“ఆపేస్తాను. ఇంకొక్క రెండు వారాలు. ఇంత దూరం వచ్చాక మధ్యలో ఆపితే దేనికీ కొరగాదు. చివరికి ఏమవుతుందో తేలిపోతే...”

మాట మధ్యలో ఆగిపోయాడు. కూతురు తనవంక చూస్తున్న చూపు అలాంటిది.

“నేను కూడా అలాగే అనుకుంటాను,” అంది మోక్షిత మెల్లిగా. “ఇంకొక్క రెండు వారాలు, సెలక్షన్లు అయిపోయేదాకా. ఆ తర్వాత ఆపేస్తాను అని. రోజూ అనుకుంటాను. నిజంగానే అనుకుంటాను నాన్నా. అబద్ధం కాదు.”

భానోజీరావు ఆ సీసా మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెంటనే దాన్ని లాగలేదు. ఎంత సిగ్గు పడ్డాడో, అంత భయపడ్డాడు. ఆ పెట్టెలో చివరికి ఏమవుతుందో తెలుసుకోవాలన్న కోరిక, తనలో ఇంకా, ఇప్పటికీ, కూతురు పక్కన నిలబడి ఉండగా కూడా ఉంది. అదేంటో ఆయనకు మొదటిసారి తెలిసింది. వద్దని తెలిసీ వదల్లేకపోవడం అంటే ఏమిటో పేజీలకు పేజీలు రాశాడు గానీ, చేతి వేళ్లలో దాన్ని ఎన్నడూ ఎరగడు.

మోక్షిత తన చెయ్యి ఆయన చేతి మీద పెట్టింది. ఆ పిల్ల చెయ్యి వణుకుతోంది. ఆయనది కూడా. ఇద్దరూ కలిసి లాగితే సీసా ఊడి వచ్చింది. గాజులో మబ్బు విడిపోయింది. లోపల బూడిదరంగు ముక్క, శుభ్రమైన గాలికి పొంగలేక పొంగుతూ కనబడింది.

“తగ్గుతుందా?”

“తెలీదమ్మా,” అన్నాడు. ఏ సభలోనూ ఆయన ఆ మాట అనలేదు.

ఆ తర్వాతి రోజులు ఇల్లు ఇల్లులా లేదు. మోక్షిత తల పగిలిపోతోందంది, కంచం విసిరేసింది, తల్లిని అనరాని మాటలు అంది, అర్థం పర్థం లేకుండా ఏడ్చింది. ఒకసారి చెప్పులేసుకుని వీధి గుమ్మందాకా వెళ్లి, అక్కడే మెట్టు మీద కూలబడి, “నాన్నా, నన్ను పట్టుకో,” అని అరిచింది. భానోజీరావు సెలవు పెట్టి ఆమె వెనకే తిరిగాడు. ల్యాబుకు వెళ్లలేదు, వినలేదు. సెలక్షన్లకు తన పేరు వద్దని మోక్షితే నూకరాజు మాస్టారుకు ఫోన్ చేసి చెప్పింది. చెప్పాక దిండులో మొహం పెట్టుకుంది. అయినా పెన్ను ముట్టలేదు.

పండగ వెళ్లిన వారం, ముగ్గురూ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. మోక్షిత చాలారోజుల తర్వాత పప్పుచారు రెండోసారి వడ్డించుకుంది. భానోజీరావు ఫోన్ మోగింది. నసీమా.

“సార్, రెండోది... పోయిందండి. గాలి మార్చి చూశాను, ద్రవం మార్చి చూశాను. నిలబడలేదు.”

“ఎప్పుడు?” అన్నాడు ఆయన. దగ్గరివాళ్లు పోయినప్పుడు మనుషులు అడిగే గొంతుతోనే అడిగాడు. ఫోన్ బల్లమీద పెట్టేశాడు.

హరిప్రియ చేతిలో గరిటె ఆగిపోయింది. “ఏవండీ? ఎవరు పోయారు?”

మోక్షిత తండ్రి మొహం చదివింది. కలుపుకున్న ముద్ద కంచంలోనే వదిలేసింది.

“నేనే అమ్మా,” అంది.

“ఛీ, నోటికెంత మాటొస్తే అంతేనా! ఏవండీ, ఏమంటోంది ఇది?”

మోక్షిత లేచి చెయ్యి కడుక్కుంది. దండెం మీది తువ్వాలు తీసుకుని బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుంది. గీజర్ వెయ్యలేదు. కట్టుబట్టలతోనే, చావు కబురు విన్నవాళ్లు పోసుకున్నట్టు, చెంబు తర్వాత చెంబు నెత్తిమీద గుమ్మరించుకుంటున్న చప్పుడు వినబడింది. మధ్యలో దగ్గింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ పోసుకుంది.

హరిప్రియకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా కళ్లనీళ్లు తిరిగాయి. భానోజీరావు కంచం ముందునుంచి లేచి, భుజాన తువ్వాలు వేసుకుని, కూతురి తర్వాత తన వంతు కోసం ఆ తలుపు పక్కన నిలబడ్డాడు.